చూడని అరకు మీద వ్యాసం ఎందుకు?

వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన మొదటి వారంలో తెలుగు పీరియడుకు ఒక ఆనవాయితీ ఉంది. నల్లబల్ల మీద తేదీ, దాని కింద 'సెలవుల్లో మా విహారయాత్ర' అన్న శీర్షిక, దాని కింద ఒక గీత. పిల్లలు తలలు వంచుకుని రాస్తారు. బరంపురంలో రాసినా, హోసూరులో రాసినా, షోలాపూరులో రాసినా వ్యాసం మాత్రం ఒకటే. తెల్లవారుజామునే బయలుదేరతారు. ప్రకృతి దృశ్యాలు కనువిందు చేస్తాయి. అందరూ ఎంతో ఆనందిస్తారు. చివరి వాక్యంలో ఆ యాత్ర మరపురానిది అవుతుంది. ఆ వ్యాసంలో బండి ఎప్పుడూ ఆలస్యం కాదు. ఎవరికీ వాంతులు కావు. నాన్న ఆటో అతనితో గొడవ పడడు. చెల్లి చెప్పు తెగదు. డబ్బులు చాలక ఒక రోజు ముందే తిరిగి వచ్చెయ్యడమన్నది ఏ కుటుంబానికీ జరగదు.

ఇలాంటి వ్యాసం వల్ల ఆంధ్రలో చదివే పిల్లకు పెద్ద నష్టం లేదు. ఆ పిల్లకు బడి బయట కూడా తెలుగే. సంతలో తెలుగు, బస్సులో తెలుగు, కరెంటు బిల్లు మీద తెలుగు. మన పిల్లలకు అలా కాదు. బరంపురంలో మా పిల్లలు గడప దాటితే ఒడియా, టీవీ పెడితే హిందీ, ఫోను తీస్తే ఇంగ్లీషు. తెలుగు మిగిలింది ఇంట్లో, బడిలో, ఏడాదికోసారి చుట్టాల ఊళ్లో. అందులో చుట్టాల ఊరి తెలుగు మిగతా రెండింటికన్నా వాడిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తెలుగు రాకపోతే పని జరగదు. ఆ నాలుగు రోజుల తెలుగును పిల్ల మోసుకొచ్చి బడి గుమ్మం దగ్గర దించేసి, గైడులో ఉన్న తెలుగును రాసి ఇస్తోంది. మా ఫిర్యాదంతా ఇదే. ఇందులో పిల్లల తప్పు లేదు, టీచర్ల తప్పూ లేదు. ఆ నమూనా మనకు పనికిరానిది.

పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాం కాబట్టి ఈ మాట బడిలోంచే చెప్పవచ్చు. కానీ మాకు ఇది బాగా తెలిసొచ్చింది మా ఇంట్లోనే.

2024 మే నెలలో ఇంటిల్లిపాదీ అరకు వెళ్దామనుకున్నాం. మేమిద్దరం, ఆరు పాసై ఏడులోకి వెళ్లబోతున్న అమ్మాయి, ఎనిమిదేళ్ల పిల్లాడు. బరంపురం నుంచి విశాఖ, ఒక రాత్రి అక్కడ, పొద్దున్నే అరకు బండి, బొర్రా గుహలు, తిరుగు ప్రయాణంలో సింహాచలం. అమ్మాయి ఒక నోటుపుస్తకంలో అంతా రాసుకుంది. దారిలో 58 సొరంగాలు వస్తాయని ఎక్కడో చదివి, ఒకటి నుంచి 58 దాకా అంకెలు వేసి పక్కన గళ్లు గీసుకుంది. సొరంగం దాటినప్పుడల్లా ఒక టిక్కు పెట్టాలని.

రెండు నెలల ముందే తీసుకున్నా టికెట్లు వెయిటింగు లిస్టులోనే ఉండిపోయాయి. చార్టు వేసేసరికి నలుగురిలో ఒక్కరికీ బెర్తు రాలేదు. గది కోసం అప్పటికే అడ్వాన్సు కట్టేశాం, ఊరుకోబుద్ధి కాలేదు. జనరల్ టికెట్టు తీసుకుని ఎక్కేశాం. మే నెల, జనరల్ పెట్టె, మధ్యాహ్నం పూట. ఆ పెట్టె ఎలా ఉంటుందో ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురంలో బండి ఆగినప్పుడు అమ్మాయి కిటికీ ఊచల్లోంచి స్టేషను బోర్డు చూసి పైకి చదివింది. ఎవరూ చదవమనలేదు. ఇచ్ఛాపురం, సోంపేట, బారువ, మందస రోడ్డు, వరసగా చదువుకుంటూ పోయింది. బరంపురంలో ఆమె చుట్టూ ఒడియా బోర్డులే. తెలుగు అక్షరం పాఠ్యపుస్తకంలోంచి బయటికి వచ్చి ఒక ఊరి పేరై నిలబడటం ఆమెకు కొత్తే. మాకు ఆ సంగతి తర్వాత తట్టింది. అప్పుడు మా ధ్యాసంతా పిల్లాడి మీద. సోంపేట దాటేసరికి వాడికి వాంతులు మొదలయ్యాయి. ఒళ్లు కాలిపోతోంది. పలాసలో దిగిపోయాం.

పలాసకు దగ్గర్లో, వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊళ్లో మా మేనత్త ఉంటారు. ఫోను చేస్తే గంటలో ఆటో వేసుకుని వచ్చేశారు. దారిలో డాక్టరు దగ్గర ఆగాం. ఆయన అమ్మాయి వైపు చూసి, "ఏటయ్యింది గుంటడికి?" అన్నారు. అమ్మాయి మా మొహం చూసింది. గుంట అంటే దానికి తెలిసింది నీళ్లు నిలిచే గొయ్యి. తర్వాత తేరుకుని, "తమ్ముడికి జొరొ" అంది. అది ఒడియా మాట. డాక్టరు నవ్వి, "మీ జొరొ, మా జొరం ఒకటేలే తల్లీ" అని థర్మామీటరు పెట్టారు.

నాలుగు రోజులు అక్కడే ఉన్నాం. అరకు లేదు, గది అడ్వాన్సు తిరిగి రాలేదు. మొదటి రోజంతా అమ్మాయి మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ గళ్ల నోటుపుస్తకం సంచిలోంచి బయటికి తియ్యలేదు.

రెండో రోజు మా అత్త పిల్లను పక్కింటికి తీసుకెళ్లారు. అక్కడ ఆడవాళ్లు జీడిపప్పు మీది పొర వలుస్తున్నారు. పలాస చుట్టుపక్కల ఇది ఇంటింటి పని. అమ్మాయి రెండు రోజులు వాళ్ల మధ్యనే కూర్చుంది. గింజను అక్కడ పిక్క అంటారని, 80 కిలోల బస్తా పిక్కలు కొడితే ఇరవై కిలోల పైచిలుకు పప్పు వస్తుందని, పిక్క పెంకులో ఉండే జీడిరసం చేతికి తగిలితే తోలు ఊడుతుందని తెలుసుకుని వచ్చింది. విరగని గుళ్లు వేరు, బద్దలు వేరు, నూక వేరు. గుళ్లలో మళ్లీ 180, 210, 240, 320 అని రకాలు. అంకె పెరిగితే సరుకు గొప్పదనుకుంది మొదట. అది ఒక పౌనుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్న లెక్క కాబట్టి, అంకె తగ్గితేనే గుండు పెద్దది. ఆ రాత్రి తనంతట తనే లెక్క కట్టింది. పౌనంటే 454 గ్రాములనుకుంటే 320 రకం గుండు ఒకటిన్నర గ్రాము కూడా ఉండదు, 180 రకం రెండున్నర గ్రాములు. ఇవన్నీ తెలుగులో అడిగింది, తెలుగులో విన్నది, తెలుగులోనే మాతో వాదించింది.

చేదు కూడా ఉంది. ఆ వీధి పిల్లలు దాన్ని 'ఒడియా పిల్ల' అన్నారు. దాని యాస విని నవ్వారు. మా వీధిలో అదే పిల్లను 'తెలెంగా' అంటారు. ఇక్కడ తెలుగుది, అక్కడ ఒడియాది. మన బడుల్లో చదివే ప్రతి పిల్లా ఎప్పుడో ఒకప్పుడు మింగే మాటే ఇది. కోలారు పిల్లల్ని చిత్తూరు చుట్టాలు కన్నడం పిల్లలంటారు. హోసూరు వాళ్లను అరవం వాళ్లంటారు. అమ్మాయి ఏడ్చుకుంటూ లోపలికి వచ్చింది. మా అత్త ఓదార్చలేదు. "నీకు రొండు బాసలొచ్చు, ఆళ్లకి ఒకటే వచ్చు. ఎవులు ఎవుల్ని సూసి నవ్వాలి?" అని అడిగి వంటింట్లోకి వెళ్లిపోయారు. మర్నాడు పర్లాకిమిడి నుంచి వచ్చిన బస్సు మీది ఒడియా బోర్డును అమ్మాయి గడగడా చదివితే, ఆ పిల్లలే వెంటబడి తమ పేర్లు ఒడియాలో రాయించుకున్నారు.

మూడో రాత్రి కరెంటు పోయింది. అరుగు మీద కూర్చుని మా అత్త తిత్లీ తుఫాను సంగతి చెప్పారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను తీరం దాటింది ఆ ప్రాంతంలోనే. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు కూలిపోయాయి. ఆమె పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లుంటే రెండు మిగిలాయట. "రేతిరంతా గాలి ఇంటి సుట్టూ తిరిగింది, తలుపు తియ్యమని అడిగినట్టు" అన్నారు. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, కొబ్బరి పెట్టిన అయిదారేళ్లకు గాని చేతికి రాదు కదా. మేము 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ గురించి చెప్పాం. అమ్మాయి అప్పుడు చంటిపిల్ల, తడవకుండా దాన్ని ఏ మూల ఎలా దాచామో ఆ రాత్రే మొదటిసారి విన్నది. సరిహద్దుకు అటూ ఇటూ ఒకే గాలి దెబ్బ తిన్నవాళ్లం అన్న సంగతి ఏ పాఠంలోనూ లేదు.

జూన్‌లో బడి తెరిచారు. శీర్షిక మామూలే. అమ్మాయి ఏం రాసిందో తెలుసా? అరకు మీద రాసింది. తెల్లవారుజామునే విశాఖలో రైలెక్కారట. 58 సొరంగాలు దాటారట. బొర్రా గుహలు చూసి ముగ్ధులయ్యారట. అక్షరదోషం ఒక్కటి లేదు. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. చూడని ఊరి గురించి ఎందుకు రాశావని ఇంట్లో అడిగితే తెల్లబోయింది. "పలాసలో ఏముంది రాయడానికి? తమ్ముడికి జొరం వచ్చిందని రాస్తే అది వ్యాసమవుతుందా?" అంది.

ఆ ప్రశ్న పిల్లది కాదు. మన బడులన్నీ ఆ పిల్ల నోట అడిగిస్తున్న ప్రశ్న అది. వ్యాసానికి తగిన సంగతులు కొన్ని, తగని సంగతులు కొన్ని అని ఏడో తరగతికే పిల్లలకు తెలిసిపోతోంది. తగిన సంగతులకు తగిన తెలుగు గైడులో దొరుకుతుంది. తగని సంగతుల తెలుగు మా అత్త నోట్లో ఉంది, డాక్టరు నోట్లో ఉంది, పప్పు వలిచే ఆడవాళ్ల నోట్లో ఉంది. మొదటిది ఎక్కడికీ పోదు, అచ్చులో పదిలంగా ఉంటుంది. రెండోది బరంపురంలో ఇంకో తరం ఉంటుందో లేదో మాకు బెంగ.

మేము గమనించింది ఒకటుంది. అనుకున్నట్టు సాగిన ప్రయాణానికి మాటలతో పెద్దగా పనిలేదు. బండి వేళకు వస్తుంది, వ్యాను సిద్ధంగా ఉంటుంది, హోటలు కుర్రాడు హిందీలో అడుగుతాడు, మనం వేలుతో మెనూ చూపిస్తాం. పిల్లలు ఫోటోలకు నిలబడతారు. మాట అవసరమయ్యేది ఏదైనా చెడినప్పుడే. దారి అడగాలి, బతిమాలాలి, బేరమాడాలి, ఎవరింటికి వెళ్దామా అని తర్జనభర్జన పడాలి, నొప్పి ఎక్కడో చెప్పాలి, ఎదురుచూస్తూ ఊసులాడుకోవాలి. పని కోసం తెలుగు మాట్లాడి, ఆ పని అయినప్పుడు, ఆ తెలుగు పిల్లల్లో ఉండిపోతుంది. జ్వరం వచ్చినందుకు సంతోషించమని మేము అనడం లేదు. ఏ పిల్లకూ రాకూడదు. వచ్చిందనుకోండి, దాన్ని బడి దాకా రానివ్వమంటున్నాం.

ఒడిశాలో తెలుగు చెప్పేవాళ్లకు ఈ వాదం కొత్తదీ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. మాట్లాడే తెలుగుకు రాతలో చోటివ్వాలని ఆయన పోరాడింది ఎక్కువ భాగం ఆ ఊళ్లో ఉండగానే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. గ్రాంథికానికీ వ్యావహారికానికీ నడిచిన ఆ తగాదా పండితుల మధ్యదే అనుకుంటారు గాని, స్కూలు పిల్లలు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది అందులో ఒక ముఖ్యమైన ముడి. వందేళ్లు దాటింది. ఆగస్టు 29న ఆయన ఫోటోకు దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నాం. ఆ రోజు ఉపన్యాసంలో ఆయన సవర భాష నేర్చుకున్న సంగతి చెబుతాం. పొరుగువారి మాటను అంత శ్రద్ధగా విన్న మనిషి, ఒక పిల్ల 'గుంట' అని రాసినందుకు ఎర్ర సున్నా చుడతారా అన్నది మాత్రం ఆలోచించం.

ఇక్కడ తోటి ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న తెలుసు. పదో తరగతి పరీక్ష దిద్దేవాళ్లకు గుంట, పిక్క, రేతిరి అంటే మార్కులు పడతాయా? పడవు, కొన్నిచోట్ల. అందుకే రెండు విడతలుగా రాయించడం మేలని మా అనుభవం. మొదటిసారి రాసినదాంట్లో ఎర్ర సిరా పెట్టం. ఒడియా మాట వచ్చినా, ఇంటి మాట వచ్చినా దాని కింద పెన్సిలు గీత మాత్రం గీస్తాం. తర్వాత ఆ మాటలన్నీ బల్ల మీద రాస్తాం. 'ఛుటి' అని ఒకరు రాస్తే సెలవు, 'పొఖాళొ' అని ఒకరు రాస్తే చల్దన్నం, 'ఖరా' అంటే ఎండ. కొన్నిటికి పిల్లలే జోడీ మాట చెబుతారు. కొన్నిటికి ఇంటికెళ్లి అమ్మమ్మను అడిగి వస్తారు. రెండోసారి రాసేటప్పుడు కథ నడిపే వాక్యాల్లో అందరికీ తెలిసే తెలుగు రాయమంటాం, మనుషుల మాటల్లో మాత్రం వాళ్లు అన్నది అన్నట్టే ఉంచమంటాం. విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కం' నాటకాన్ని మాట్లాడే తెలుగులో 1897లోనే అచ్చువేశారు. ఇప్పుడు మనం భయపడేదేముంది? ఇలా రెండుసార్లు రాసిన పిల్ల పరీక్షలో మామూలు వ్యాసం ఇంకా బాగానే రాస్తుంది, ఎందుకంటే తన వాక్యం తాను కట్టడం దానికి వచ్చింది. గైడు బట్టీ పట్టినవాడు శీర్షిక కొంచెం మారితే కలం కిందపెట్టేస్తాడు.

శీర్షిక కూడా మార్చాలి. 'విహారయాత్ర' అనగానే తరగతిలో సగం మంది నోళ్లు మూతపడతాయి, వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి. గంజాం జిల్లా ఇళ్లలో ఎంతోమంది తండ్రులు, అన్నలు సూరత్ మగ్గాల మీద ఉన్నారు. భివండీలో, షోలాపూరులో మగ్గం మీద బతికే తెలుగువాళ్ల పిల్లలూ మన బడుల్లోనే ఉన్నారు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, ఇక విహారయాత్ర ఎక్కడిది? ఈ పిల్లలు కూడా ఊటీ మీదో తిరుపతి మీదో రాసి ఇస్తారు. దాన్ని అబద్ధం అనడానికి మనసొప్పదు, అడిగింది మనమే.

పోయిన జూన్‌లో మా ఏడో తరగతికి 'ఈ సెలవుల్లో అనుకున్నట్టు జరగని ఒక రోజు' అని ఇచ్చాం. మొదటి అయిదు నిమిషాలు ఒక్కరూ కలం కదపలేదు. "కొట్లాట గురించి రాయొచ్చా?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు. రాయమన్నాం. ఆ తర్వాత గంట కొట్టినా లేవలేదు. ఒకడు గోపాల్‌పూర్ సముద్రానికి సైకిలు మీద బయలుదేరి, సగం దారిలో గొలుసు తెగి, ఎండలో తోసుకుంటూ తిరిగి వచ్చిన సంగతి రాశాడు. మెకానిక్కు ఎంత అడిగాడో, తన జేబులో ఎంత ఉందో పైసలతో సహా. ఒక పిల్ల తిరుపతిలో జనంలో నాయనమ్మ తప్పిపోయిందని, మైకులో ఆమె పేరు చెబితే ఆమె కూర్చున్న చోటి నుంచి లేవలేదని రాసింది. ఆ పేరు ఎవరూ పిలవక ఆవిడ మర్చిపోయిందట. అందరూ పిలిచేది మామ్మ అనే.

ఇంకొకడు రాసింది ఆరు వాక్యాలే. వాళ్ల నాన్న సూరత్ నుంచి సెలవుల్లో వస్తానన్నాడు. స్టేషనుకు వెళ్లారు. బండి వచ్చింది, నాన్న రాలేదు. ఫోను చేస్తే సేఠు సెలవివ్వలేదన్నాడు. అమ్మ నాన్న కోసం వండిన చేపల పులుసు రాత్రి అందరూ తిన్నారు. 'ఎవ్వులూ మాట్లాడలేదు' అన్నది ఆఖరి వాక్యం. ఆ పిల్లాడు అంతకుముందు ఏడాదంతా తెలుగులో నాలుగు వరసలకు మించి రాసినవాడు కాదు. ఆ 'ఎవ్వులూ' అన్నదాని కింద పెన్సిలు గీత కూడా గీయబుద్ధి కాలేదు మాకు. రెండో విడతలో వాడే దాన్ని 'ఎవ్వరూ' అని దిద్దుకున్నాడు. మొదటి కాగితాన్ని మేము దాచుకున్నాం.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట. రాబోయే సెలవులకు టికెట్ల హడావిడి ఇప్పటికే మొదలై ఉంటుంది. మన బడుల సెలవులకూ చుట్టాల ఊళ్ల సెలవులకూ ఎప్పుడూ పొత్తు కుదరదు. కర్ణాటకలో సాధారణంగా ఏప్రిల్ రెండో వారంలోనే సెలవులిచ్చి మే నెలాఖరుకల్లా తెరిచేస్తారు. ఆంధ్రలో ఏప్రిల్ చివరి వారంలో గాని సెలవులు మొదలుకావు, జూన్ రెండో వారం దాకా ఉంటాయి. కోలారు నుంచో బళ్లారి నుంచో ముందుగా బయలుదేరిన పిల్లలు వెళ్లేసరికి అక్కడి పిల్లలు పరీక్షలు రాస్తుంటారు. మా ఒడిశాలో ఎండలు ముదిరితే సెలవులు ముందుకు జరుగుతాయి, తీసుకున్న టికెట్టు మాత్రం జరగదు. 2024 నవంబరు నుంచి రైలు టికెట్టు 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు కాబట్టి లెక్క వేసుకునే వ్యవధి కూడా తగ్గింది. యానాం వాళ్ల సంగతి మరీ తమాషా. చుట్టూ ఆంధ్రే కాబట్టి తెలుగు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. కానీ తమ రాజధాని పుదుచ్చేరి చూడాలంటే 800 కిలోమీటర్లకు పైగా పోవాలి, పోయాక తమిళం కావాలి.

అందుచేత ప్లాను ఎలాగూ కొంత చెడుతుంది. నాలుగు రోజుల్లో ఎనిమిది చోట్లు చూపించే ప్యాకేజీ కట్టుకుంటే, చెడిన రోజు డబ్బు పోయిందన్న బాధ తప్ప ఇంకేమీ మిగలదు. అందులో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఎవరో ఒకరి ఇంట్లో ఉండండి. చుట్టాలు లేకపోతే స్నేహితులు. ఆటో అతన్ని పిల్లనే అడగనివ్వండి ఎంతని. మందుల షాపుకు పిల్లాడిని పంపండి. వాడు తడబడితే మీరు అందుకుని చెప్పెయ్యకండి. మనవాళ్లలో ఈ అలవాటు బాగా ఉంది. పిల్లలు నోరు తెరిచేలోపే, "దీనికి తెలుగు సరిగా రాదండీ, అక్కడ చదువుతోంది కదా" అని మనమే క్షమాపణ చెప్పేస్తాం. పక్కన నిలబడి పిల్ల ఆ మాట వింటుంది. యాసను చూసి నలుగురు నవ్వితే ఒక పూట బాధపడుతుంది. సొంత తల్లో తండ్రో దానికి రాదని ముందే ఒప్పేసుకుంటే ఆ తర్వాత నోరు తెరవదు.

ఇంకో చిన్న విషయం. తిరిగి వచ్చాక ఫోను నిండా ఫోటోలుంటాయి. అన్నీ నవ్వు మొహాలే. పిల్లలు వ్యాసం రాసేటప్పుడు ఆ ఫోటోలు చూసి రాస్తున్నారని మాకు ఈ మధ్యే తెలిసింది. ఫోటో తియ్యని సంగతులేమిటో అడగండి. వాళ్లే చెబుతారు.

మా బడిలో పోయిన ఏటి కాగితాలను కుట్టి పుస్తకంలా చేశాం. ముప్ఫై ఒక్క రోజులు, ఒక్కటీ అనుకున్నట్టు జరిగింది కాదు. ఆరో తరగతి పిల్లలు దాన్ని లాక్కుని చదువుతున్నారు. చదవడానికి తేలికైన తెలుగు పుస్తకం మన బడుల్లో దొరకడం ఎంత కష్టమో ఈ పేజీ చదివేవాళ్లకు వేరే చెప్పాలా? సైకిలు గొలుసు కథ ఉన్న కాగితం అప్పుడే చిరిగింది, అంటించాం. కుట్టడానికి, అట్టకు అయిన ఖర్చు నలభై రూపాయలు. ఈ జూన్‌లో ఏడుతో పాటు ఎనిమిదో తరగతి చేత కూడా రాయిస్తున్నాం. హోసూరు, షోలాపూరు, కోలారు బడుల నుంచి ఎవరైనా ఇలాంటి కట్ట కుడితే ఒక నకలు మాకు పంపండి, మాదొకటి మీకు పంపుతాం.